అట్రాసిటీ కేసులో బాధితులకు తోడుగా ఎలా నిలబడాలి

మొదటిసారి ఒక కుల దాడి కేసులో బాధితులతో పాటు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినప్పుడు కంప్లయింట్ నేనే రాశాను. స్టేషన్ ఎదురుగా చెట్టు కింద, మోటార్‌సైకిల్ సీటు మీద తెల్లకాగితం పెట్టుకుని, నాకు వచ్చిన మంచి తెలుగంతా అందులో పోశాను. "కులం పేరుతో దూషించి అమానుషంగా దాడి చేశారు" అని రాసి చదివి వినిపిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు బాగుందన్నారు. లోపల ఎస్సై చదివి మూడు ప్రశ్నలు వేశాడు. ఏమని దూషించారు? ఎక్కడ? ఎవరు విన్నారు? మూడింటికీ నా కాగితంలో జవాబు లేదు. కేసయితే కట్టారు. ఏడాదిన్నర తర్వాత కోర్టులో ఎదుటి లాయరు అడిగినవీ అవే మూడు ప్రశ్నలు. బాధితుడు అప్పుడు ఆ తిట్టు పొల్లుపోకుండా చెప్పాడు. "ఇంత బాగా గుర్తున్నప్పుడు మొదటిరోజు ఎందుకు రాయలేదు?" అన్నాడు లాయరు. రాసింది నేను కదా. వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నాను.

మీ స్నేహితుడికో, పక్కింటివాళ్ళకో, మీ దగ్గర పనిచేసేవాళ్ళకో ఇలాంటిది జరిగి మీరు తోడు వెళ్ళాల్సి వస్తే నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. లాయరు ఎలాగూ కావాలి. లాయరు దొరికేలోపు గడిచే గంటల్లో, దొరికాక కూడా ఆయన పక్కన ఉండని నెలల్లో ఇది పనికొస్తుంది.

ముందు ఇది ఏ రకం నేరమో పోల్చుకోండి

హేట్ క్రైమ్ అని ఇంగ్లీషు వార్తల్లో వింటుంటాం. మనిషి ఏం చేశాడన్నది వదిలేసి, ఏ కులంలో, ఏ మతంలో, ఏ జాతిలో పుట్టాడన్నది చూసి అతని మీద చేసే నేరం అది. ఆ పేరుతో మన దగ్గర చట్టం లేదు. కానీ కులం విషయంలో ఆ పని చేసే చట్టం ఉంది: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. జనం నోట్లో అది అట్రాసిటీ కేసు. దాని వెనక ఉన్న రక్తంలో మన నేలది కూడా ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. తాగే నీళ్ళ చెరువు దగ్గర కుడితి బకెట్ కడగొద్దన్నందుకు మొదలైన గొడవ అది. నాలుగేళ్ళకు చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది.

ఇలాంటి నేరాలన్నీ పైకి చిన్న గొడవల్లాగే కనిపిస్తాయి. బండికి దారి ఇవ్వలేదని, గట్టు మీద నడిచాడని, ఊరేగింపులో పాట ఆపలేదని. "ఇందులో కులమేముందండీ, తాగి కొట్టుకున్నారు" అని పెద్దమనుషులు తేల్చేస్తారు. అప్పుడు మీరు మనసులో వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇదే పని వేరే కులం కుర్రాడు చేసి ఉంటే ఇలాగే కొట్టేవాళ్ళా? మాటతో పోయేదా? ఆ తేడా దగ్గరే మీ కేసు ఉంటుంది. దెబ్బ తిన్నది ఒక్కడే అయినా మర్నాడు పేటలో పిల్లలు ఆ వీధి గుండా బడికి వెళ్ళరు. చుట్టుతిరిగి వెళ్తారు. మామూలు కొట్లాటకి ఇలా జరగదు.

చట్టం సంగతికి వస్తే, కులం పేరుతో తిట్టడం, అవమానించడం సెక్షన్ 3(1)ఆర్, 3(1)ఎస్ కిందికి వస్తాయి. ఇవి నిలబడాలంటే ఆ మాట నలుగురికీ కనిపించే, వినిపించే చోట అని ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాట ఈ సెక్షన్ల కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ మనిషిని తిట్టిన ప్రతి తిట్టూ అట్రాసిటీ కాదని, కులం కారణంగానే అవమానించి ఉండాలని 2024లో మరో తీర్పు వచ్చింది. ఇవి తెలియకుండా వెళ్తే స్టేషన్‌లో మొదటి అభ్యంతరానికే మనం నీళ్ళు నములుతాం.

అయితే తిట్టు లేకపోతే కేసే లేదనుకోవడం పొరపాటు. కొట్టడం, బెదిరించడం లాంటి నేరాలకు 3(2)వీఏ ఉంది. బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. తెలుసా లేదా అనే వాదన ఊళ్ళలో ఎక్కువ దూరం పోదు, ఎందుకంటే సెక్షన్ 8 ప్రకారం నిందితుడికి ఆ కుటుంబంతో పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు అనుకుంటుంది. తెలియదని నిరూపించుకునే బరువు అతనిది. పదేళ్ళు, అంతకు పైబడిన శిక్ష పడే నేరమైతే 3(2)వీ కింద యావజ్జీవం దాకా వెళ్తుంది.

దెబ్బే పడనక్కర్లేని నేరాలు కూడా చాలా ఉన్నాయి. మంచినీళ్ళ చోటికి రానివ్వకపోవడం, బండి ఎక్కకూడదని, చెప్పులు వేసుకోకూడదని, కొత్తబట్టలతో తిరగకూడదని, పెళ్ళి ఊరేగింపు తీయకూడదని అడ్డుకోవడం, పనికి పిలవొద్దని, సరుకులు అమ్మొద్దని ఊరంతా కట్టు పెట్టడం, అంబేద్కర్ విగ్రహాన్ని పాడుచేయడం. ఇవన్నీ 2015 సవరణలో విడివిడిగా రాసి ఉన్నాయి.

ఇక ఎవరికి వర్తిస్తుందంటే, బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి, నిందితులు ఆ రెండూ కాకూడదు. ఎస్సీ హోదా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంది. చర్చికి వెళ్ళే కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో ఎదుటిపక్షం మొదట తవ్వేది ఇక్కడే. ఎస్టీలకు మతం అడ్డు లేదు. అందుకే కుల ధ్రువీకరణ పత్రం మొదటిరోజే బయటికి తీయించండి, అందులో ఏముందో మీరే చదవండి. ఈ చట్టం వర్తించకపోయినా కేసు లేకుండా పోదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు సెక్షన్లు ఉండనే ఉంటాయి. ఐదుగురు అంతకంటే ఎక్కువమంది కలిసి కులం, సముదాయం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో చంపితే అందులోనే 103(2) అని ప్రత్యేకంగా ఉంది, 2024 జూలై 1 నుంచి.

మొదటి గంటలు

ప్రాణం ముందు. దాడి ఇంకా జరుగుతుంటే 112కి ఫోన్ చేయండి. దెబ్బలుంటే స్టేషన్ కంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళడమే మంచిది. అక్కడ డాక్టరు "ఎలా తగిలింది?" అంటే చాలామంది సిగ్గుకో భయానికో "పడ్డానండీ" అనేస్తారు. ఆ ఒక్క మాట ఆసుపత్రి రికార్డులోకి ఎక్కితే రెండేళ్ళ తర్వాత కూడా వెంటాడుతుంది. దాడి జరిగిందని, ఎవరు దేనితో కొట్టారో చెప్పించండి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా, రాయించండి. చిన్న గీత అయినా చూపించమనండి. కమిలిన చోటు మొదటిరోజు ఎర్రగా, మూడోరోజు నల్లగా కనిపిస్తుంది కాబట్టి రెండుసార్లూ ఫోటో తీయండి.

చిరిగిన చొక్కా, రక్తం మరకల చీర ఉతకనివ్వకండి. ఇంట్లో ఆడవాళ్ళు మరక చూడలేక వెంటనే నానబెట్టేస్తారు. అది నేను రెండుసార్లు చూశాను. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టి పోలీసులకు ఇవ్వండి. లైంగిక దాడి అయితే స్నానం చేయకముందే పరీక్ష జరగాలి. ఆ మాట చెప్పడానికి ఇంటివాళ్ళలో ఒక ఆడమనిషిని పక్కన ఉంచుకోండి.

ఎవరి ఫోన్‌లోనైనా వీడియో ఉంటే అసలు ఫైల్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన కాపీతో కోర్టులో తిప్పలు తప్పవు. ఆ ఫోన్ ఎవరిదో రాసుకోండి. దగ్గర్లో దుకాణం సీసీ కెమెరా ఉంటే ఆ రోజే అడగండి. కొన్నాళ్ళకు పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. వీడియోని గ్రూపుల్లో పెట్టాలన్న కోపం అందరికీ వస్తుంది. కానీ అందులో చెప్పు దెబ్బ తింటున్నది ఒక మనిషి. ఆయన కూతురి ఫోన్‌కి కూడా అది వస్తుంది.

కాగితం మీద పెట్టడం

ఇక్కడ తొందరపడకండి. అరగంట ఎక్కువ పట్టినా ఫరవాలేదు. నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలని చట్టంలోనే ఉంది. అయినా మనం రాసుకుని వెళ్తే మన మాట మన మాటగా ఉంటుంది.

బాధితుడిని మొదటినుంచి ఒకసారి చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. రెండోసారి రాయడానికి అడగండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, సరిగ్గా ఎక్కడ? "ఊళ్ళో" అంటే చాలదు. "రామాలయం ఎదురుగా, వాటర్ ట్యాంకు పక్కన సిమెంటు రోడ్డు మీద" అనాలి. ఎవరెవరు ఉన్నారు, వాళ్ళ తండ్రి పేర్లు, వాళ్ళ కులం, వాళ్ళు ఈ కుటుంబానికి ఎంతకాలంగా తెలుసు? ఎవరు ఏం పట్టుకున్నారు, ఎవరు ఎక్కడ కొట్టారు? గుంపు మొత్తాన్ని ఒకే వాక్యంలో ఇరికించకండి. ముగ్గురిలో ఒకడు చేతులు పట్టుకున్నాడు, ఒకడు కర్రతో కొట్టాడు, ఒకడు పక్కన నిలబడి అరిచాడు అంటే ఆ ముగ్గురి పాత్ర మూడు రకాలుగా రాయాలి. లేని పేరు ఒక్కటీ చేర్చొద్దు. "వాడి అన్న కూడా ఉండే ఉంటాడు, వాడినీ వేయండి" అని పక్కన ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ అన్న ఆ రోజు ఇంకో ఊళ్ళో ఉన్నట్టు తేలితే మిగిలిన పేర్లు కూడా అబద్ధమయిపోతాయి.

అన్నిటికంటే కష్టమైనది తిట్టు. అన్న మాట అన్నట్టుగా, కులం పేరు, దాని పక్కన వాడిన బూతు, మొత్తం కొటేషన్‌లో ఉండాలి. "కులం పేరుతో దూషించారు" అన్నది రాసినవాడి అభిప్రాయం అవుతుంది. నిందితుడి నోటి మాట అవదు. ఒకసారి ఒక పెద్దావిడ తన మనవడిని అన్న మాట చెప్పడానికి ఎంతకీ నోరు తెరవలేదు. "అది నా నోటితో అనలేను నాయనా" అంది. గుమ్మం దగ్గర కూర్చుని చీర కొంగుని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. బతిమాలకుండా ఒక తెల్లకాగితం, పెన్ను మనవరాలి చేతికిచ్చి నేను బయటికి వచ్చాను. పది నిమిషాలకు ఆ అమ్మాయి కాగితం మడిచి తెచ్చింది. నాలుగే మాటలు. మీకూ అలాంటి సందర్భం వస్తే రాసి ఇమ్మనండి, లేదా ఆవిడకు చనువున్న ఆడవాళ్ళతో అడిగించండి. మొగమాటానికి మాత్రం ఆ మాట వదిలేయకండి.

ఆ మాట విన్నవాళ్ళెవరో కూడా ఉండాలి. సొంత ఇంటివాళ్ళు కాకుండా బయటి మనిషి ఒక్కరు ఉంటే చాలా బలం. టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఆటో డ్రైవరో, పొలానికి వెళ్తున్న వేరే కులం రైతో. వాళ్ళను అడగకుండా పేరు రాయకండి. కానీ అడగకుండా వదిలేయనూ వద్దు. ఆ విన్న మనిషి మీరే అయితే, పైగా మీరు నిందితుల కులంవాళ్ళే అయితే, మీరిచ్చే సాక్ష్యం పది సానుభూతి మాటల పెట్టు. మీ బంధువుల ఫోన్లు వస్తాయి. రానివ్వండి.

స్టేషన్‌లో

ఇద్దరు ముగ్గురు వెళ్ళండి. యాభై మంది వెళ్తే గేటు దగ్గర గొడవే మిగులుతుంది. సామాజిక కార్యకర్తలను, స్వచ్ఛంద సంస్థలవాళ్ళను, లాయర్లను తోడు తెచ్చుకునే హక్కు బాధితులకు ఉందని అట్రాసిటీ చట్టంలోని సెక్షన్ 15ఏ చెబుతుంది. కాబట్టి "నువ్వెవరివి, నీకేం పని?" అంటే మర్యాదగా ఆ సెక్షన్ పేరు చెప్పండి.

ఒక చిన్న సంగతి. మన భాషలో కులం సర్వనామాల్లో కూర్చుని ఉంటుంది. అరవై ఏళ్ళ మనిషిని పాతికేళ్ళ వాడు "ఏరా" అనడం చాలాచోట్ల ఎవరి చెవికీ తగలదు. స్టేషన్‌లోనూ "ఏమయిందిరా?" అని మొదలవుతుంది. మీరు వాదన పెట్టుకోకండి. "సార్, సుబ్బయ్య గారు ఉదయం ఆరింటికి పాలకి వెళ్తుంటే..." అని మీ వాక్యం మొదలుపెట్టండి. ప్రతిసారీ గారు అనే అనండి. నాలుగోసారికి స్టేషన్‌లో రాతపని చూసే రైటరు కూడా "మీ వయసెంత?" అని అడగడం నేను విన్నాను. ఎప్పుడూ పనిచేస్తుందని కాదు.

ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు విచారణ చేయాలని అంటే, అక్కర్లేదని సెక్షన్ 18ఏ ఉంది. 2018లో పార్లమెంటు చేర్చింది, 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఏ స్టేషన్‌లోనైనా కట్టాల్సిందే. సెక్షన్లు చూసుకోండి. మామూలు కొట్లాట సెక్షన్లు వేసి అట్రాసిటీ సెక్షన్ వదిలేయడం మామూలుగా జరిగే కిటుకు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అది చేతికి అందాకే ఇంటికి బయల్దేరండి.

తీసుకోకపోతే? కంప్లయింట్‌ని స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి, కమిషనరేట్ అయితే కమిషనర్‌కి. రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళవచ్చు. 14566 అనే జాతీయ హెల్ప్‌లైన్ అట్రాసిటీ ఫిర్యాదుల కోసమే ఉంది, ఫోన్ చేసి డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదు నంబరు, తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని సెక్షన్ 4లో ఉంది. దాన్ని బెదిరింపుగా వాడితే పని చెడుతుంది. పిటిషన్ చివర్లో ఒక వాక్యంగా రాస్తే చాలు.

కేసు కట్టాక దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, కమిషనరేట్‌లో ఏసీపీ. ఎస్సైయే వచ్చి స్టేట్‌మెంట్లు రాసుకుని వెళ్తుంటే అప్పుడే అడగండి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలని నియమం. "కేసు కట్టారు, అరెస్టు మాత్రం చేయలేదు" అని అందరూ గుండె జారిపోతారు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు అరెస్టుకు బదులు నోటీసు ఇచ్చి పంపడం మామూలే. నిందితుడు మర్నాడే రోడ్డు మీద కనిపించినంత మాత్రాన కేసు పోయినట్టు కాదని బాధితులకు ముందుగానే చెప్పి ఉంచండి. చూశాక చెబితే నమ్మరు. ముందస్తు బెయిల్‌కి ఈ చట్టంలో దారి దాదాపు మూసి ఉంది, పైపైన చూస్తేనే కేసు లేదని కోర్టుకు అనిపిస్తే తప్ప.

పరిహారం

దీన్ని అడగడానికి సిగ్గుపడేవాళ్ళను చూశాను. "డబ్బు కోసం కేసు పెట్టారు" అంటారని. నిబంధనల్లో ఉన్న సాయం అది, దయ కాదు. నేరాన్ని బట్టి 85,000 రూపాయల నుంచి 8,25,000 దాకా ఉంటుంది. కులం పేరుతో అవమానించిన కేసులో లక్ష: ఎఫ్ఐఆర్ దశలో పావు వంతు, చార్జిషీటు కోర్టుకు వెళ్ళాక సగం, శిక్ష పడ్డాక మిగతా పావు. హత్య కేసులో 8,25,000లో సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు తర్వాత. ఆ కుటుంబానికి నెలకు 5,000 మూల పెన్షన్, దాని మీద కరువు భత్యం, పిల్లల చదువు ఖర్చు, ఒకరికి ఉద్యోగం కూడా నిబంధనల్లో ఉన్నాయి. తొలి సాయం ఏడు రోజుల్లో అందాలి. అందదు, తిరగాలి. ఫైలు ఎస్సీలకు సాంఘిక సంక్షేమ శాఖ నుంచి, ఎస్టీలకు గిరిజన సంక్షేమ శాఖ నుంచి నడుస్తుంది, తెలంగాణలో మొదటిదాని పేరు ఎస్సీ అభివృద్ధి శాఖ. ఎఫ్ఐఆర్, కుల పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూడండి. ఒకదానిలో ఇంటిపేరు లేదని ఒక ఫైలు ఐదు నెలలు ఆగింది.

రాజీ కబురు

మూడో రోజో నాలుగో రోజో వస్తుంది. ముందు మంచిగా, చిన్నాన్న వరసయ్యే మనిషిని పంపిస్తారు. "ఒకే ఊళ్ళో బతకాలి కదా" అంటాడు. తర్వాత కౌంటర్ కేసు పడుతుంది: వీళ్ళే మా మీద దాడి చేశారని, మా ఇంటి ఆడవాళ్ళను ఏదో అన్నారని. దానికి భయపడి చాలామంది వెనక్కి తగ్గుతారు. కౌంటర్ కేసు కాపీ తీసుకుని లాయరుకి ఇవ్వండి, అంతే. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

స్టేషన్ వరండాలో రాసుకునే రాజీ కాగితానికి ఈ కేసుల్లో చట్టపరమైన విలువ లేదు. కేసు కొట్టేయాలంటే హైకోర్టు దాకా వెళ్ళాలి. ఈ మాట బాధితులకు చెప్పండి. చెప్పాక నిర్ణయం వాళ్ళకే వదిలేయండి. ఇది నాకు మింగుడుపడటానికి ఏళ్ళు పట్టింది. ఒక కుటుంబం రాజీ పడితే నేను రెండు నెలలు వాళ్ళతో మాట్లాడలేదు. రాత్రి పదింటికి నేను బస్సెక్కి ఇంటికి పోతాను, వాళ్ళు ఆ ఊళ్ళోనే పడుకోవాలి. బెదిరింపులు వస్తుంటే మాత్రం తేదీ, టైము, వచ్చిన మనిషి పేరుతో ఒక నోటు పుస్తకంలో రాయించండి. కౌలు పొలం ఖాళీ చేయమన్నారు, కిరాణా కొట్లో అప్పు ఆపేశారు, ఆటో ఎక్కించుకోలేదు, ఇవన్నీ అందులోకే. సాంఘిక బహిష్కరణ విడిగా ఒక నేరం, ఆ పుస్తకమే దానికి ఆధారం.

మనిషి దగ్గర

కాగితాల పనిలో పడి మనిషిని మర్చిపోవడం తేలిక. దాడి జరిగిన ఇంటికి మొదటి వారం జనం వస్తూనే ఉంటారు: నాయకులు, విలేకరులు, సంఘాలవాళ్ళు. ప్రతి ఒక్కరూ "ఏం జరిగిందో చెప్పమ్మా" అంటారు. చెప్పిన ప్రతిసారీ ఆ దెబ్బ మళ్ళీ తగులుతుంది. పైగా పదిసార్లు చెబితే పది రకాలుగా వస్తుంది, ఎక్కడో రికార్డయి కోర్టులో తేలుతుంది. ఇంటివాళ్ళలో ఒకరిని మాట్లాడటానికి పెట్టండి, వచ్చినవాళ్ళకు ఎఫ్ఐఆర్ కాపీ చూపిస్తే చాలు. ఫోటో తీస్తామంటే బాధితుడిని అడగమనండి. ఆయన కాదంటే మీరు గుమ్మంలో నిలబడి కాదనండి.

"నువ్వేమైనా అన్నావా ముందు?" అని అడగకండి. వివరం కోసమే అడిగినా తప్పు తనదేనేమో అనే అనుమానం అప్పటికే ఆయన్ని తినేస్తుంటుంది. "ముందునుంచి చెప్పండి" అంటే అదే సమాధానం వస్తుంది. ధైర్యం చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. "గెలుస్తాం", "వాళ్ళని వదలం" లాంటివి మన చేతిలో లేని హామీలు. "రేపు పదింటికి వస్తాను" అనండి, పదింటికి వెళ్ళండి.

మగవాళ్ళు బయటికి మామూలుగా ఉండి రాత్రుళ్ళు నిద్రపోరు. చెప్పు దెబ్బ తిన్న ఒకాయన నెల రోజులు పగలు ఇంట్లోంచి బయటికి రాలేదు, చీకటి పడ్డాకే పాలకి వెళ్ళేవాడు. ఒంటి మీద గాయం ఎప్పుడో మానింది. నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడటం, చచ్చిపోవాలనిపించడం కనిపిస్తే 14416 టెలి మానస్‌కి ఫోన్ చేయించండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పిల్లల గురించి వేరుగా అడగండి. బడిలో ఎవరైనా ఆ వీడియో చూపించి నవ్వారేమో తల్లిదండ్రులకు తెలియకపోవచ్చు.

కోర్టు

అసలు ఒంటరితనం ఇక్కడ మొదలవుతుంది. వీధిలో వందమంది ఉన్నవాళ్ళు కోర్టు వరండాలో ముగ్గురు మిగులుతారు. చార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ ముగియాలని చట్టంలో ఉంది. నిజంలో ఏళ్ళు పడుతుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన కేసులో ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. అయినా తీర్పు వచ్చింది 2007లో. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఈ సంగతి బాధితులకు మొదట్లోనే, భయపెట్టకుండా, తెలియనివ్వాలని నా అభిప్రాయం.

నిందితుడు బెయిల్ అడిగితే బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ళ మాట వినాలి. నోటీసు ఇవ్వకుండా బెయిల్ ఇవ్వడం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రత్యేక పీపీని, అంటే ప్రభుత్వం తరఫున ఈ కేసు వాదించే లాయరుని, ఒకసారి ముందే కలిసి పరిచయం చేసుకోండి. ఆయన మీద నమ్మకం లేకపోతే వేరే లాయరుని పెట్టమని కలెక్టర్‌ని కోరవచ్చు. సాక్ష్యానికి వచ్చేవాళ్ళకు ప్రయాణ ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వాలి. అడిగి తీసుకోండి, ఎందుకంటే సాక్షులు కోర్టులో మాట మార్చడానికి బెదిరింపు ఎంత కారణమో పోయిన కూలి కూడా అంతే కారణం.

సాక్ష్యం చెప్పే ముందు రోజు బాధితుడిని ఎఫ్ఐఆర్, స్టేట్‌మెంటు ఒకసారి చదువుకోమనండి, చదువు రాకపోతే చదివి వినిపించండి. ఏం చెప్పాలో నేర్పకండి. గుర్తులేనిదాన్ని గుర్తులేదనమనండి. కోర్టు హాలు ఎలా ఉంటుందో, నిందితులు ఎక్కడ నిలబడతారో, ఎదుటి లాయరు కావాలనే ఏకవచనంలో గద్దించవచ్చని చెప్పి ఉంచండి. వీలైతే వేరే కేసు నడుస్తున్నప్పుడు ఒక పూట తీసుకెళ్ళి కూర్చోబెట్టండి.

వాయిదా పడితే బయటికి రాకముందే బెంచ్ క్లర్క్‌ని అడిగి తర్వాతి తేదీ రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టినా కనిపిస్తుంది. ఆ తేదీ మీ ఫోన్‌లోనూ, వాళ్ళింట్లో గోడ క్యాలెండర్ మీదా ఉండాలి. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఏ బస్సుకి వస్తున్నారో అడగండి.